ఉమ్మడి విపణి – డెల్టా రైతుకు దక్కే ధర

ధాన్యం పండించే విషయంలో కృష్ణా డెల్టా రైతులకు కొత్తగా చెప్పవలసినది తక్కువ. పండిన ధాన్యానికి ధర ఎక్కడ నిర్ణయమగునో మాత్రం చాలమంది ఆలోచింపరు. కళ్ళం వద్దకు వచ్చిన వ్యాపారి చెప్పినదే ధర అనుకొందురు. అతడు చెప్పునది మిల్లువారు ఇచ్చే ధర. మిల్లువారు ఇచ్చునది బియ్యం చేరే దూరపు ఊరి ధరనుబట్టి. ఆ ఊరికి మన బియ్యం పోవుటకు అడ్డులేని యెడల ఒక ధర, అడ్డున్న యెడల మరొక ధర. మధ్యలో ఉన్న ఈ అడ్డును గూర్చియే ఈ వ్యాసంలో వివరింపదలచినాము.

మన కాలువల మీద లాకులు మీరు చూచియే ఉందురు. లాకు తలుపులు తెరచిన యెడల రెండువైపుల నీరు ఒకే మట్టానికి వచ్చును. మూసిన యెడల ఎగువ నీరు ఎగువనే, దిగువ నీరు దిగువనే నిలచును. ధరలు కూడ ఇట్లే నడచును. కొరతగల ప్రాంతంలో ధర ఎక్కువ, మిగులుగల ప్రాంతంలో తక్కువ. కొన్ని ప్రాంతాలు, లేక కొన్ని దేశాలు, తమ మధ్య సరుకు అడ్డులేకుండ నడువవచ్చునని ఏర్పాటు చేసుకొన్న యెడల దానిని ఉమ్మడి విపణి అందురు. అందులో చేరిన చిన్న ప్రాంతానికి తన ధర తన చేతిలో ఉండదు. ఆ లాకు తెరచినందువలన లాభమా, నష్టమా అన్నది మీరు ఏ వైపున ఉన్నారన్న దానిని బట్టి ఉండును.

డెల్టాకు ఈ అనుభవం కొత్తది కాదు. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తి అయినది మొదలు ఇక్కడి మిగులు ధాన్యం బయటికి పోవుచునే ఉన్నది. మొదట కాలువల మీద పడవలు, పెదగంజాం మీదుగా బకింగ్‌హాం కాలువలో చెన్నపట్టణం వరకు, తరువాత రైలు. అయితే 1937 వరకు బర్మా కూడ ఇండియాలో భాగమే గనుక అక్కడి చౌక బియ్యం కూడ అదే చెన్నపట్టణపు రేవులో దిగేది. 1930 తరువాతి మాంద్యపు రోజులలో డెల్టా రైతు కుదేలగుటకు గల కారణాలలో ఆ బియ్యము ఒకటి. 1942లో బర్మా జపాను వశమైనది, ఆ బియ్యం ఆగిపోయినది. దానిమీద బ్రతికిన తిరువాన్కూరు, కొచ్చి ప్రాంతాలవారు అప్పటినుండి మన బియ్యంవైపు చూడవలసి వచ్చినది.

ఇక అసలు సంగతి. 1954లో ఆహారధాన్యాల కంట్రోళ్లు తీసివేసిన తరువాత మన బియ్యం బొంబాయి, కలకత్తా వర్తకులకు కూడ అందుబాటులోకి వచ్చినది. పెద్ద పట్టణాల కొనుగోలు శక్తి ముందు దక్షిణాది కొరత రాష్ట్రాలు నిలువలేకపోయినవి. 1957లో కేంద్ర ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్, మద్రాసు, మైసూరు, కేరళ రాష్ట్రాలను కలిపి దక్షిణ బియ్యపు మండలముగా ఏర్పరచినది. మండలం లోపల బియ్యం స్వేచ్ఛగా నడువవచ్చును; దాటి బయటికి పోరాదు. ఇందులో ప్రధానంగా మిగులుగల రాష్ట్రం మనది, పెద్ద కొరతగల రాష్ట్రం కేరళ. ఆ కొరత ఎంత తీవ్రమనగా, ఆ ఏట కేరళ ప్రభుత్వం ఆంధ్ర బియ్యం కొన్న తీరును గూర్చి అక్కడి రాజకీయాలలో పెద్ద దుమారం లేచి, న్యాయమూర్తిచేత విచారణ జరిపించవలసి వచ్చినది.

తలుపు తెరచి ఉండుట వలన మీ బస్తాకు ఏమి ఒరుగునో లెక్క వేసి చూతము. ఇవి ఉదాహరణకు తీసుకొన్న అంకెలు మాత్రమే. త్రిసూరులో బియ్యం క్వింటాలు 4,000 రూపాయలు అనుకొనుడు. కిరాయి, హమాలీ, వర్తకుని లాభం కలిపి 500 పోగా మిల్లు వద్ద 3,500 మిగులును. క్వింటాలు ధాన్యానికి సుమారు 67 కిలోల బియ్యం వచ్చును. తవుడు, నూకల రాబడి మర పట్టిన ఖర్చుకు సరిపోవునని అనుకొన్న యెడల, క్వింటాలు ధాన్యానికి 2,345 రూపాయలు; అనగా 75 కిలోల బస్తాకు సుమారు 1,759. తలుపు మూసి, మిల్లు వద్ద బియ్యం 3,000కు పడిపోయిన యెడల అదే బస్తాకు 1,507. తేడా 250 రూపాయల పైచిలుకు. ఎకరాకు 30 బస్తాలు పండించే రైతుకు ఇది సుమారు 7,500 రూపాయలు. పొలంలో ఎరువు ఒక గింజ ఎక్కువ వేయలేదు, తక్కువ వేయలేదు. మారినది సరిహద్దు ఒక్కటే.

అయితే ఈ 7,500 మొత్తం సాగుచేసే వాని చేతికి వచ్చునని భ్రమపడరాదు. డెల్టాలో కౌలు చాలచోట్ల బస్తాలలోనే చెల్లింతురు. ధర పెరిగిన యెడల కౌలు బస్తాల విలువ కూడ పెరిగి, ఆ పెరుగుదలలో భాగం భూస్వామికి చేరును. కొన్నేళ్లు ధర నిలచిన యెడల కౌలు బస్తాలే పెంచి అడుగుదురు. ఇక కూలివాని మాట. కుప్పనూర్పిళ్లకు ధాన్యమే కూలిగా తీసుకొన్నంతకాలం అతనికి ధరల బాధ కొంత తప్పినది. కూలి రొక్కంలోకి మారిన తరువాత, తాను కోసిన పంటనే త్రిసూరు ధరకు కొనవలసి వచ్చినది. 1983లో రాష్ట్రంలో కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టినప్పుడు డెల్టా కూలీలు దానిని అంత ఆదరించుటకు కారణం ఇక్కడ కొంత కనిపించును. పండే ఊరిలో బియ్యం చౌకగా ఉండునని అనుకొనుట ఉమ్మడి విపణిలో చెల్లదు.

1964లో దేశమంతట ధరలు పెరిగినవి. దక్షిణ మండలాన్ని ఆ సంవత్సరమే విడదీసి, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రాన్ని ప్రత్యేక మండలం చేసినారు. ప్రైవేటు వర్తకానికి తలుపు మూసుకొన్నది. మిగులు బియ్యం ఇక ప్రభుత్వాల ద్వారానే పోవలెను. 1965లో ఏర్పడిన భారత ఆహార సంస్థ పని అది. ధర వర్తకుల పోటీతో గాక, ప్రభుత్వ నిర్ణయముతో ఏర్పడసాగినది. మిల్లులనుండి లెవీ వసూలు చేసే పద్ధతి తరువాత చాలకాలం సాగి, 2015లో గాని పూర్తిగా పోలేదు. తలుపుకు ఇరువైపుల ధరలలో తేడా ఉన్నంతకాలం దొంగచాటు రవాణా కూడ ఉండక తప్పదు. ఆ లాభం రైతుకు రాదు, కూలికి రాదు.

కేరళ వైపునుండి చూడుడు. బియ్యం బయటినుండి వచ్చునన్న ధీమాతో అక్కడివారు రబ్బరు, కొబ్బరి, మిరియం పెంచినారు. నేలకు తగిన పంట గనుక అది తెలివితక్కువ పని కాదు. కాని తలుపు మూసిన నాడు రబ్బరు తిని బ్రతుకలేరు గదా! 1964–65నుండి అక్కడ రేషను దుకాణాలు ఊరూర వెలసినవి. 1965, 1966 వర్షాలు చెడి, 1966లో దేశమే సుమారు కోటి టన్నుల ధాన్యం దిగుమతి చేసుకొన్నది. మండలాల కట్టుబాట్లు తొలగి, రాష్ట్రాల మధ్య ధాన్యం తిరిగి స్వేచ్ఛగా నడచినది 1977లో.

రాష్ట్రాలకు జరిగినదే దేశాలకు కూడ జరుగును. మన దక్షిణ మండలం ఏర్పడిన 1957లోనే ఐరోపాలో ఆరు దేశాలు రోము ఒడంబడిక చేసుకొని ఉమ్మడి విపణికి పునాది వేసినవి. ఐర్లండు అనే చిన్న దేశం 1973లో అందులో చేరినది. అంతకు పూర్వం ఆ దేశపు పశువులకు, వెన్నకు కొనుగోలుదారు ముఖ్యంగా బ్రిటను ఒక్కటే. 1932లో భూమి వాయిదాల తగాదాతో బ్రిటను సుంకాలు వేయగా, ఐర్లండులో పశువుల ధరలు కూలి, కొనేవారు లేక దూడలను చంపవలసి వచ్చినది. ఆ తగాదా 1938 వరకు తీరలేదు. 1973లో తలుపులు అనేకం తెరచుకొన్నవి, పాల ధర, మాంసపు ధర హెచ్చినవి. కాని 1984లో పాలు ఎక్కువైపోయినవని ఆ విపణియే ప్రతి దేశానికి కోటా విధించినది. కోటా దాటి పితికిన పాలకు జరిమానా. 2015 వరకు అది సాగినది. ఐర్లండు రైతు దానికి తలయొగ్గినాడు. అయితే ఆ కోటాను నిర్ణయించే సభలో అతని ప్రభుత్వానికి ఒక కుర్చీ ఉన్నది. ఒకే కొనుగోలుదారుని గుమ్మంలో నిలబడిన దానికంటె ఇది మేలని మా అభిప్రాయం.

నేటి డెల్టా రైతు ఇంకా పెద్ద విపణులలో ఉన్నాడు. వరికోత తరువాత మాగాణులలో చల్లిన మినుములు చెన్నపట్టణపు ఇడ్లీ పిండికి పోవును. ఆ రేవులోనే బర్మా మినుములు కూడ దిగును. 2021 మే నుండి ఆ దిగుమతికి పరిమితులు తొలగినవి. కనుక మినుములు అమ్మేవారు ఇక్కడి దిగుబడితో పాటు బర్మా పంట సంగతి కూడ కనుగొనవలెను. బియ్యం విషయానికి వచ్చిన యెడల, 2023 జూలై 20న బాసుమతి కాని తెల్లబియ్యపు ఎగుమతిని కేంద్రం నిషేధించి, 2024 సెప్టెంబరు 28న నిషేధం ఎత్తివేసినది. ఉప్పుడు బియ్యాన్ని నిషేధింపలేదు. దానిపై 20 శాతం సుంకం మాత్రమే వేసినారు. అనగా ఒకే కళ్ళంలోని రెండు రకాల ధాన్యానికి రెండు వేరువేరు తలుపులు.

నారు పోయుటకు ముందు మీ మిల్లువారిని ఈ మూడు సంగతులు అడుగుడు: నిరుడు తన బియ్యం ఏ ఊళ్లకు పోయినది, పచ్చిబియ్యమా, ఉప్పుడు బియ్యమా, కాకినాడ రేవు ద్వారా పోయినది ఎంత. కేరళకు ఉప్పుడు బియ్యం పంపే మిల్లు జయవంటి లావు రకాన్ని కోరును. సన్నబియ్యం తినే ఊళ్లకు పంపే మిల్లు సాంబ మసూరిని కోరును. జవాబు తెలిసిన తరువాత రకం ఎన్నుకొనుడు. వీలున్నవారు మొత్తం పొలాన్ని ఒకే రకానికి కేటాయింపక, కొంత భాగం రెండవ దానికి ఉంచుకొనవలెను.