మాటిమాటికీ కాలు మడత పడుతుందా?

ఆషాఢంలో సికింద్రాబాద్‌లో లష్కర్ బోనాలు జరుగుతాయి. ఆడవాళ్లు నెత్తిన బోనం ఎత్తుకొని ఉజ్జయినీ మహంకాళి గుడికి నడుస్తారు. బోనం ఏడాదికి ఒకసారే. నీళ్ల బిందె, కూరల గంప మాత్రం రోజూ మోయాలి. ఈ బరువులన్నీ చీలమండ మీదే పడతాయి.

కొందరికి ఉత్తగా నడుస్తున్నా చీలమండ పక్కకు మడత పడుతుంది. "నా కాలే అంత" అని ఊరుకుంటారు. అలా ఊరుకోవద్దు.

ఎందుకు ఇలా అవుతుంది?

కాలికి పెట్టుకునే వెండి పట్టీలు పైకి కనిపిస్తాయి. చర్మం లోపల కూడా పట్టీలు ఉన్నాయి. అవి ఎముకలను పట్టి ఉంచుతాయి. డాక్టర్లు వాటిని లిగమెంట్లు అంటారు. కాలు బెణికితే బయటివైపు లిగమెంటు సాగుతుంది. ఒక్కోసారి తెగుతుంది. సరిగా మానకపోతే వదులుగా ఉండిపోతుంది. నులక వదులైతే మంచం కుంగదా? ఇదీ అంతే. ఏళ్ల తరబడి వదిలేస్తే కీలు అరిగిపోవచ్చు.

మొదట ఏం చేయాలి?

బెణికిన కాలును రుద్దకూడదు, లాగకూడదు. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టాలి. కాలు ఎత్తు మీద ఉంచాలి. నాలుగు అడుగులు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. నొప్పి, వాపు తగ్గాక గోడ పట్టుకొని ఒంటికాలి మీద నిలబడాలి. మునివేళ్ల మీద లేవాలి. రోజూ చేస్తే చాలామందికి కాలు గట్టిపడుతుంది.

ఆపరేషన్ ఎప్పుడు?

నెలల తరబడి వ్యాయామం చేసినా కాలు మడత పడుతుంటే ఆపరేషన్ గురించి అడగాలి. వదులైన లిగమెంటును బిగించి కుట్టే పద్ధతిని 1966లో స్వీడన్ డాక్టర్ బ్రోస్ట్రామ్ తెలిపాడు. దానికి పొడుగు కోత కావాలి. ఇప్పుడు చిన్న రంధ్రాలతోనూ చేస్తున్నారు. ఒక రంధ్రంలోంచి సన్నని కెమెరా పంపుతారు. టీవీలో చూస్తూ లిగమెంటును ఎముకకు బిగిస్తారు. గాయం, మచ్చ చిన్నవి. అయితే ఈ పద్ధతి అందరికీ కుదరదు. ఎవరికి ఏది మంచిదో డాక్టరు చూసి చెప్పాలి.

ఒక మాట మరవద్దు. రంధ్రం చిన్నదే అయినా లోపలి లిగమెంటు మానడానికి వారాలు పడుతుంది. కట్టు కట్టాలి, తర్వాత వ్యాయామం చేయాలి. తొందరపడి బిందె ఎత్తితే మళ్లీ సాగుతుంది. అందుకే ఆపరేషన్‌కు ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి. నీళ్లు ఎవరు తేవాలి? వంట ఎవరు చేయాలి? మగవాళ్లూ, పిల్లలూ పని పంచుకోవాలి.

సికింద్రాబాద్‌లో గాంధీ ఆసుపత్రి సర్కారు దవాఖానా. 2003లో అది ముషీరాబాద్‌కు మారింది. అక్కడ ఎముకల డాక్టర్లు ఉన్నారు. కాలు ఎన్నిసార్లు మడత పడిందో కాగితం మీద రాసుకొని వెళ్లండి. చదువు ఇందుకూ పనికొస్తుంది.