పాతబండి పీఠమునకు తగిన ఆచ్ఛాదనము



ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు వ్యాకరణము చెప్పిన పంతులు మోటారుబండి పీఠమును గూర్చి ఏమి చెప్పగలడని మీకు సందేహము కలుగవచ్చును. ఆ సందేహము న్యాయమైనదే. యంత్రముల సంగతి నాకు తెలియదు. కాని పాతవస్తువును బాగుచేయుటయందు పొరపాటు ఎట్లు జరుగునో నాకు అనుభవమున తెలియును.

మా ముదిగొండలో నా మేనల్లుడొకడు తన తాతనాటి చిన్న షెవర్లే లారీని బాగుచేయ పూనినాడు. కాగితములను బట్టి అది 1948వ సంవత్సరపు బండి. భద్రాచలపు అడవులనుండి వెదురును, తునికాకును మోసి మోసి, పిమ్మట నలువదేండ్లు చింతచెట్టు క్రింద పడియుండెను. ఇంజను కదలినది, రంగు కుదిరినది. చిక్కంతయు కూర్చుండు పీఠముకడ వచ్చినది. పట్నపు దుకాణమున మెత్తని స్పంజిని, అద్దమువలె మెరయు ఎఱ్ఱని రెక్సినును చూపి, ఇదే మేలని చెప్పిరట. వాడు నాయొద్దకు వచ్చి, "మామయ్యా, ఏది కుట్టించవలెనో మీరే చెప్పుడు" అనెను. "ఇదివరకు దానిపై నేమి యుండెడిది?" అని నేనడిగితిని. వాడు తెల్లబోయెను.

నేనట్లడుగుటకు కారణము కలదు. నా యిరువదవయేట మా యింటి తాళపత్రపు కట్ట కొకదానికి క్రొత్త పట్టుగుడ్డ చుట్టి, పురుగు తిన్న పాతగుడ్డను పొయ్యిలో వేసితిని. కడపటి ఆకు ఆ గుడ్డకే అంటుకొని యుండెనని పిమ్మట తెలిసినది. వ్రాసినవాని పేరును, సంవత్సరమును ఉండెడి ఆకు అదియే. కట్ట నేడును నాయొద్ద అందముగా నున్నది; దాని నెవ్వరు ఎప్పుడు వ్రాసిరో మాత్రము ఇక తెలియదు. కావున పాతదానిని పారవేయకముందే చదువవలెను. పీఠమును గూడ చదువవచ్చును.

చదువుటకు ముందు ఆనాటి సామగ్రిని కొంత యెరుగవలెను. మనము నేడు తోలువలె కనబడు ప్రతి గుడ్డను రెక్సినందుము. అది మొదట ఇంగ్లండున మాంచెస్టరు సమీపముననున్న హైడు పట్టణమున తయారైన యొక సరకు పేరు. నేసిన నూలుగుడ్డపై నైట్రోసెల్యులోజును, కర్పూరతైలమును, రంగును కలిపి పూతపూసి, తోలు గరుకు కనబడునట్లు అచ్చు నొత్తెడివారు. అమెరికాలో ఇట్టిదే ఫాబ్రికాయిడను పేర నుండెను. దానిని చేయు సంస్థను 1910లో డ్యూపాంటువారు కొనిరి. నిజమైన తోలుకంటె చౌకయగుటచే చిన్నలారీల పీఠములకు ఇట్టి గుడ్డయే మిక్కిలి వాడుకయైనది. ధనికుల మోటారుకార్లలో నొక వింత యుండెడిది. వెనుక కూర్చుండు యజమానికి మెత్తని ఉన్నిబట్ట. ఎండకు వానకు ఓర్చవలసిన ముందరి సారథికి తోలు. కావున తోలు కనబడిన చోటనెల్ల వైభవమని తలపరాదు.

ఇప్పుడు అంగడులలో దొరకు రెక్సిను వేరుజాతిది. పీవీసీ యనెడి పదార్థమును మెత్తపరచు ఉపాయమును వాల్డో సీమను 1926లో కనుగొనెను. పీఠముల గుడ్డగా అది రెండవ ప్రపంచయుద్ధము తరువాతనే విస్తరించినది. రబ్బరుపాలతో చేసిన నురుగుమెత్త డన్లప్ వారి 1929 నాటి పని. నేటి పసుపుపచ్చని పాలియురితేను స్పంజి 1950 దాటిన పిమ్మటనే వాడుకకు వచ్చినది. 1948 నాటి చిన్నలారీలో ఇనుపచుట్టల స్ప్రింగులు, వానిపై గోనెపట్టా, దానిపై దూదిపొర, పైన పూతగుడ్డ. ఇంతియే సామాన్యమైన కూర్పు.

ఇక చదువు విధము. పీఠమును తలక్రిందు చేసి, చట్రము అంచులను చూడుడు. ఎండ తగులని మడతలలో తొలిరంగు దాగియుండును. మేకుల తలల క్రింద గుడ్డముక్కలు చిక్కుకొని యుండును. స్టేపిలు పిన్నులు, పాలియెస్టరు దారము, అల్లికగుడ్డ వీపుగల పీవీసీ కనబడినచో అది వెనుకటి మరమ్మతు. చిన్నమేకులు, నూలుదారము, నేసిన గుడ్డ వీపు, బీటలువారిన పూత కనబడినచో పాతపొర దొరకినదని ఆశపడవచ్చును. కాని ఆ ముక్కను అగ్గిపుల్లతో పరీక్షింపకుడు. నైట్రోసెల్యులోజు తుపాకిమందునకు దగ్గరి చుట్టము, భగ్గుమనును.

మేము మూడుపొరలు విప్పితిమి. పైది చారల పీవీసీ, దాని క్రింద స్పంజి. నడుమది కొబ్బరిపీచు. అడుగున గోనెపట్టాయు, నాటుదూదియు, ఒక మేకు క్రింద గోరంత కపిలవర్ణపు పూతగుడ్డయు. సారథి కూర్చుండు ప్రక్క గోనెకు చేతికుట్టు మాటువేసి యుండెను. ఆ కుట్టు చూచి నా మేనల్లుడు చాలసేపు పలుకలేదు. ఆ బండిని చాలకాలము నడపినది వాని తాతయే.

ఇచ్చట నొక జాగ్రత్త. అమెరికా కంపెనీ పుస్తకమున నున్నదే సరియైనదని పట్టుబట్టరాదు. జనరల్ మోటార్సువారు 1928 మొదలు 1954 వరకు బొంబాయిలోనే బండ్లను కూర్చుచుండిరి. చట్రమును మాత్రము కొని, పైపని ఈ దేశపు వడ్రంగులచేత చేయించుకొన్నవారును పెక్కురు. కాబట్టి కాలమేకాదు, దేశమును చూడవలెను. పరదేశపు ప్రతిలోని పాఠము మన ప్రతిలో నుండితీరవలెనను నియమము లేదు.

మూడుపొరలలో దేనిని గ్రహింపవలెను? మూడును నిజములే. కాని దీపములు, రంగు, చక్రములు 1948 నాటికి దిద్దినపుడు పీఠము మాత్రము 1980 నాటిదైనచో పద్యమున ఒక పాదము సీసము, ఒక పాదము కందమైనట్లుండును. మేము అడుగుపొరనే గ్రహించితిమి. నైట్రోసెల్యులోజు గుడ్డకై వెదకలేదు. దొరకినను, నిప్పుకు భయపడి వాడకుందుము. నేసిన నూలువీపు గలిగి, మెరుపులేక, సన్నని గరుకుగల కపిలవర్ణపు పీవీసీని ఎంచుకొని, గోనెపైన దూది పరచి, నూలుదారముతో కుట్టించితిమి. చూపునకు పాతది, పదార్థమున క్రొత్తది. ఆ భేదమును ఒక కాగితముపై వ్రాసి, పాతగుడ్డ ముక్కను సంచిలో నుంచి, పీఠము క్రిందనే కట్టితిమి. మాటువేసిన గోనెను మార్చలేదు. దాని క్రింద క్రొత్తపట్టా నొకటి ఆదరవుగా నుంచితిమి.

ఇదంతయు నొక లారీకొరకేనా యని మీరడుగవచ్చును. నిజాము రాష్ట్రపు రైల్వేవారు 1932లో ఇరువదియేడు బస్సులతో, నూటయరువదియారుగురు ఉద్యోగులతో రోడ్డు రవాణాను ఆరంభించిరి. ఆనాటి ఆల్బియన్ బస్సొకటి "దక్కన్ క్వీన్" పేర హైదరాబాదున భద్రపరుపబడినందుననే, మన పెద్దలు ఎట్టి బండి నెక్కి పట్టణమునకు పోయిరో పిల్లలు కంటితో చూడగలిగిరి. పుస్తకములలో రాజుల ప్రయాణము లుండును. సామాన్యుల ప్రయాణము ఇట్టి పీఠములపై నుండును.

మీ యిండ్లలో పాతబండి యున్నను, పాత పడకకుర్చీ యున్నను, బాగుచేయించుడు, వలదనను. విప్పుటకు ముందు ఒకసారి తలక్రిందు చేసి చూడుడు. విప్పినదానిలో చేతెడు ముక్కయైన దాచుడు. నేను పొయ్యిలో వేసిన ఆకు తిరిగిరాదు. మీ యింటి ఆకును మీరు కాచుకొనుడు. సెలవు.