చల్ది మూటల విందు

ఎవరి యింటినుండి వారు తెచ్చుకొన్న పదార్థాన్ని పదిమంది నడుమ విప్పి, కలిసి భుజించే విందు ఒకటి లోకంలో చాలాకాలంగా ఉన్నది. దీనిలో ఆతిథ్యమిచ్చేవాడు వేరే ఉండడు. వచ్చిన ప్రతివాడూ అతిథే, ప్రతివాడూ గృహస్థే. పెండ్లివిందులో పెట్టేవారి మర్యాద బయటపడుతుంది. ఈ విందులో తినేవారి మర్యాద బయటపడుతుంది. అందుచేత ఇది చూడడానికి సులువుగా కనిపించినా, నిర్వహించడానికి పెండ్లివిందుకంటె కష్టమైనది.

పడమటి దేశాలలో ద్రాక్షాసవం మీద మక్కువ గలవారు ఈ విందును ఒక కళగా తీర్చుకొన్నారు. ఏడెనిమిది మంది మిత్రులు ఒక దినం నిర్ణయించుకొని, ఎవరి వైన్ సీసా వారు చంకన పెట్టుకొని ఒక యింటికో, ఒక భోజనశాలకో చేరుతారు. భోజనశాల అయితే, తాను అమ్మని సీసాను తెరచి గ్లాసులు అమర్చినందుకు యజమాని కొంత రుసుము పుచ్చుకోవడం కలదు. ఏ సీసా పడితే ఆ సీసా తేగూడదు. ఒక ప్రాంతానిదనో, ఒక ద్రాక్షజాతిదనో, ఒక సంవత్సరపు పంటదనో ముందుగా కట్టడి చేసుకొంటారు. తేలికైనది ముందు, చిక్కనైనది తరువాత, తియ్యనిది చిట్టచివర. సీసాకు 750 మిల్లీలీటర్లు పడుతుంది. ఎనిమిదిమంది చేరి ఎనిమిది సీసాలనూ సమంగా పంచుకొని ఖాళీ చేస్తే, ఒక్కొక్కరు ఒక నిండుసీసా తాగినట్లే గదా! అందుకని రుచి తెలిసినవారు గుక్కెడు మాత్రమే పోసుకొంటారు. కొందరు నాలుకమీద తిప్పి, పక్కనున్న పాత్రలో ఉమ్మివేస్తారు కూడాను. అంత వెల పెట్టి కొన్నదాన్ని ఉమ్మివేయడమేమిటని మన పల్లెటూరి పెద్దలు నవ్వవచ్చు. కాని తాగడం వేరు, రుచి చూడడం వేరు అని చెప్పడానికి అంతకంటె గట్టి నిదర్శనం దొరకదు.

ఆ విందులో అన్నిటికంటె గమనింపదగిన ఆచారం మరొకటి. సీసాలకు కాగితం చుట్టి, పేరు కనబడకుండా చేసి, వాటిపై అంకెలు వేస్తారు. ఎవరు తెచ్చినది ఏదో, దేని వెల ఎంతో తెలియకుండా అందరూ అన్నిటినీ రుచి చూచి, తమ అభిప్రాయం చెప్పిన తరువాతనే కాగితం విప్పుతారు. వెలగల సీసా తెచ్చినవాని అతిశయమూ, చౌకసీసా తెచ్చినవాని సంకోచమూ ఆ కాగితం చాటున కొంతసేపు అణగి ఉంటాయి. ఒక్కొక్కప్పుడు చౌకదే మేలని తేలి, నలుగురూ నవ్వుకోవడమూ జరుగుతుంది.

తిరువూరులో ఇట్టి సీసాల విందు జరపవలెనని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. మద్యం అనగానే ఈ నేలమీద రుచి జ్ఞప్తికి రాదు. కూలిన కాపురాలు జ్ఞప్తికి వస్తాయి. 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రపు తొలి మంత్రివర్గం, టంగుటూరి ప్రకాశంగారి నాయకత్వాన నడచినది, 1954 నవంబరులో మద్యనిషేధపు చిక్కుమీదనే కూలినది. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు ఎత్తిన సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతటా ప్రాకి, 1993లో సారా నిషేధానికీ, 1995లో సంపూర్ణ నిషేధానికీ దారితీసినది. ఆ నిషేధం 1997లో సడలిపోయినది. సురాధ్యక్షుడనే ఉద్యోగిని పెట్టి మద్యాన్ని కట్టుదిట్టం చేసిన కౌటిల్యుడు సైతం ఉత్సవాలకూ యాత్రలకూ నాలుగు దినాల సడలింపు మాత్రమే ఇచ్చినాడు. కనుక సీసాను పడమటివారికే వదలివేసి, వారు దానికి చుట్టిన కాగితాన్ని మాత్రం ఇటు తెచ్చుకొంటే చాలును.

తలా ఒకటి తెచ్చే ఈ విందుకు గ్రీకులు పెట్టిన పేరు ఎరనోస్. హోమరు ‘ఒడిస్సీ’ మొదటి సర్గలోనే ఆ మాట వస్తుంది. ఒడిస్యూస్ యుద్ధానికి పోయి తిరిగిరాని కాలంలో, అతని భార్యను పెండ్లాడగోరిన రాజకుమారులు అతని యింట మకాం వేసి, అతని మందలను కోసుకొని తింటూ, అతని మధువును తాగుతూ గడుపుతారు. మారువేషంలో వచ్చిన ఎథీనాదేవి ఆ అల్లరి చూచి, ఇది విందో పెండ్లో చెప్పుమనీ, ఎరనోస్ మాత్రం కాదని తెలుస్తూనే ఉన్నదనీ ఇంటి కుమారునితో అంటుంది. ఎవరి సొమ్ము వారు తెచ్చుకొన్నచోట మనుష్యులు అంత విచ్చలవిడిగా మెలగరని ఆమె భావం కాబోలు. తరువాతి కాలంలో ఆ మాటకే, స్నేహితులు తలా కొంత వేసి ఆపదలోనున్నవానికి వడ్డీలేకుండా ఇచ్చే అప్పు అనే అర్థం కూడా వచ్చినది. మన చదివింపులకు అది దూరపు చుట్టం.

అయితే తలా ఒకటి తెచ్చినంతమాత్రాన విందు సమమైపోదు. ఒకడు ఘనంగా తెస్తాడు, ఒకడు చిన్నమెత్తు తెస్తాడు. ఎవరిది వారు ముందు పెట్టుకొని తింటే అది విందు కాదు, పక్కపక్కన కూర్చుండి చేసే వేరు భోజనాలు. ఏథెన్సులో సోక్రటీసు దీనికి చేసిన చికిత్సను అతని శిష్యుడు జెనోఫను తన ‘స్మృతుల’ మూడవ భాగంలో వ్రాసిపెట్టినాడు. కొందరు ఎక్కువ కూర, కొందరు తక్కువ కూర తెచ్చిన రోజున, సోక్రటీసు వడ్డించేవానిని పిలిచి, తక్కువగా వచ్చినదానిని నడుమ ఉంచమనో, తలా కొంచెం పంచమనో చెప్పేవాడట. ఇందులోని కిటుకు ఆలోచింపదగినది. పెద్ద పాత్రవానిని పంచవయ్యా అని ఆయన అడగలేదు. అడిగివుంటే అది దానమయ్యేది, పుచ్చుకొన్నవాడు తలవంచుకొనేవాడు. చిన్న పాత్రను ముందు నడిమికి తెప్పించినాడు. బీదవాని కూరలో తాము పాలుపంచుకొన్న తరువాత తమ కూర తాము దాచుకోవడానికి కలిగినవారికి సిగ్గువేసినది. వారి పాత్రలూ నడిమికి వచ్చినవి. తక్కువ తెచ్చినవానికంటె తమకు దక్కేది ఏమీ లేదని తేలేసరికి, వారు గొప్పకోసం పెట్టే ఖర్చు కూడా మానుకొన్నారని జెనోఫను చెప్పినాడు. ఉపదేశం ఒక్కముక్క లేదు. వడ్డించే వరుస మార్చినాడు, అంతే.

రోమునగర కవి కటల్లస్ క్రీస్తుపూర్వం 1వ శతాబ్దిలో తన మిత్రుణ్ణి భోజనానికి పిలుస్తూ, తన సంచిలో సాలెగూళ్లు తప్ప మరేమీ లేవు గనుక వంటకాలూ మధువూ నవ్వులూ అన్నీ నీవే తెచ్చుకోవలెనని చమత్కరించినాడు. పిలిచినవాడు తన పేదరికాన్ని తానే నవ్వుతూ చెప్పుకొన్నాడు గనుక అక్కడ చిక్కు లేదు. చిక్కంతా చెప్పుకోలేనివారితోనే. క్రీస్తుశకం 1వ శతాబ్ది మధ్యలో కొరింథు పట్టణపు క్రైస్తవ సంఘానికి పౌలు వ్రాసిన మొదటి లేఖ పదకొండవ అధ్యాయంలో ఈ సంగతి కనిపిస్తుంది. అందరూ ఒకచోట చేరుతున్నారు గాని ఎవరి భోజనం వారు ముందుగా తినివేస్తున్నారనీ, ఒకడు ఆకలితో ఉంటే మరొకడు మత్తులో ఉంటున్నాడనీ, లేనివారిని ఈవిధంగా సిగ్గుపరచడమేమిటనీ ఆయన మందలిస్తాడు. ఒకరికొరకు ఒకరు ఆగండని ఆయన చెప్పిన మందు. పవిత్రమైన కూటంలో సైతం మూట విప్పేవేళ మనిషి తన బుద్ధిని బయటపెట్టుకొన్నాడు.

ఇవన్నీ చూచిన తరువాత పోతన భాగవతం దశమస్కంధంలోని చల్దుల ఘట్టం చదివితే అది కొత్తగా కనిపిస్తుంది. అఘాసురుని చంపిన తరువాత, పొద్దెక్కి ఆకలివేళ అయినదని కృష్ణుడు చెలికాండ్రను నీటియొడ్డున కూర్చుండబెడతాడు. ఎవరి చల్ది వారు ఇంటినుండి మోసుకొనివచ్చినదే. కంచాలు లేవు, రాళ్లూ ఆకులూ గడ్డీ చిక్కాలే కంచాలు. తామరబొడ్డు చుట్టూ రేకులవలె అందరూ కృష్ణుని చుట్టూ కూర్చున్నారు. ఇక అల్లరి చూడవలెను. ఒకడు వ్రేళ్లు మడిచి ఊరించుచు ఊరగాయ తింటాడు. మరొకడు పక్కవాని కంచంలోనిది లాగి మ్రింగివేసి, ఏదీ లేదుగదా అని నోరు తెరచి చూపిస్తాడు. ఇంకొకడు పందెం వేసి అయిదారుగురి చల్దులు తానే కూరుకొంటాడు. ఇన్ని ఉన్నప్పుడు పంచిపెట్టడమే స్నేహమని ఒకడు న్యాయం చెబుతాడు. నందుని యింటి చల్ది ఏది, ఎవరి యింటి చల్ది ఏది అని అడిగేవాడు ఆ బంతిలో లేడు. సంస్కృతమూలంలో కృష్ణుని వ్రేళ్లసందున ఉన్నవి ‘ఫలాలు’; పోతన చేతిలో అవి తెలుగింటి ఊరగాయలైనవి. యజ్ఞాలలో హవిస్సు అందుకొనేవాడు ఎడమచేత పెరుగన్నపు ముద్ద పట్టుకొని కూర్చుంటే దేవతలు ఆశ్చర్యపోయినారట. తిరువూరుకు సమీపాన గంపలగూడెం మండలంలోని నెమలిలో వేణుగోపాలస్వామి ఆలయమున్నది. అక్కడ స్వామి చేత వేణువు చూచి వచ్చిన విద్యార్థికి, చల్ది తినేవేళ ఆ వేణువు నడుముగుడ్డలోకి పోయినదని ఉపాధ్యాయుడు చెబితే పద్యం ఇక మరపురాదు.

కార్తికమాసపు వనభోజనాలకు తెలుగువారు ఈ చల్దుల ఘట్టాన్ని తలచుకోవడం పరిపాటి. ఉసిరిచెట్టు నీడన కూర్చుండి తినడమే దాని నియమం. అయితే ఇటీవలి దశాబ్దాలలో ఆంధ్రదేశంలో వనభోజనం మాటకు ముందు కులం పేరు చేరుతున్నది. ఫలానా కులసంఘంవారి కార్తిక వనసమారాధన అని కరపత్రాలు వెలుస్తున్నవి. వంటవారు వస్తారు, ఉపన్యాసాలు సాగుతవి. ఇంటినుండి తెచ్చుకొన్న మూట పోయి, ఎవరి బంతి వారిదిగా మిగిలినది. ఉసిరిచెట్టు నీడకు లేని ఎల్లలను దాని క్రింద కూర్చున్నవారు గీసుకొంటున్నారు. దీనిని సంప్రదాయమని చెప్పడం పోతనకు అన్యాయం చేయడమే.

ఇదే కృష్ణాజిల్లాలో దీనికి పూర్తిగా ఎదురు నడచినవారు లేకపోలేదు. తిరువూరు ఎన్.టి.ఆర్. జిల్లాలోనికి వచ్చినది 2022లో, అంతకుముందు కృష్ణాజిల్లాలోనిదే. ఆ జిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రం స్థాపించిన గోరా, అనగా గోపరాజు రామచంద్రరావుగారు, పౌర్ణమి రాత్రులలో సహపంక్తి భోజనాలు జరిపించినారు. నెలనెలా స్థలం మారేది. ఒక్కొక్క నెల ఒక్కొక్క పేటవారు వండి వడ్డించేవారు. వచ్చినవారు తలకు ఒక అణా చెల్లించేవారు. భోజనం సాదాసీదా. గోరాగారి నాస్తికత అందరికీ నచ్చవలసిన పనిలేదు. కాని ఆ అణాలోని వివేకం మెచ్చదగినది. అందరిదీ ఒకే అణా గనుక పెద్దమూట, చిన్నమూట అనే భేదం పుట్టదు. ఊరక తిన్నామనే చిన్నతనమూ ఉండదు. అంటరానివారని దూరముంచిన పేటలో వారు వండినది తిని రావడమంటే ఆ రోజులలో సామాన్యమైన సాహసం కాదు.

ఇప్పుడు పాఠశాలల సంగతి. 2003 నుండి మన ప్రభుత్వ పాఠశాలలలో వండిన మధ్యాహ్నభోజనం పెడుతున్నారు. రోజూ ఒకే గిన్నెలోని అన్నం అందరి పళ్లెంలోనూ పడుతుంది. భేదం కనబడేది పిల్లలను తోటకు తీసుకుపోయి, ఎవరి క్యారియరు వారు తెచ్చుకొనుడని చెప్పిన ఒక్క దినాననే. ఒక పిల్లవాని క్యారియరులో నాలుగు గిన్నెలు. మరొక పిల్లవాని దగ్గర మూతపెట్టిన డబ్బా ఒకటి. ఆ రెండవవాడు చెట్టు చాటుకు పోయి, అటు తిరిగి కూర్చుంటాడు. కొందరు ఆ దినం బడికే రారు. మరునాడు అడిగితే కడుపునొప్పి అంటారు. ఉపాధ్యాయులకు ఈ కడుపునొప్పి తెలియనిది కాదు.

సోక్రటీసు వరుస ఇక్కడ పనికివస్తుంది; వైన్ రసికుల కాగితమూ పనికివస్తుంది. తోటకు చేరగానే క్యారియర్లు పిల్లల చేత ఉండనీయకుండా, ఒక గుడ్డ పరచిన చోట అన్నిటినీ బడి గిన్నెలలోనికి దింపించివేయవచ్చు. పులిహోర అంతా ఒకదానిలో, పెరుగన్నమంతా ఒకదానిలో, పచ్చళ్లన్నీ ఒకచోట. ఎవరి యింటిదో చెప్పే గుర్తు గిన్నెతోనే పోతుంది. విస్తరాకులు, ఉప్పు, నిమ్మకాయలు, మంచినీళ్లు మోసుకొనివచ్చినవాని పేరు కూడా తెచ్చినవారి పట్టికలో ఉండవలెను. ఉప్పు లేని విందు ఎవరు తినగలరు? వడ్డన పెద్ద క్యారియరు పిల్లవానికి అప్పగించడం మంచిది. ఉపాధ్యాయులు తమ డబ్బాలు కూడా ఆ గుడ్డమీదనే విప్పవలెను. వారు వేరే చెట్టుక్రింద కూర్చుంటే పిల్లలు చెప్పినది వినరు, చేసినది చూస్తారు.

సీసాల విందుకు అసలైన జోడు ఈ ప్రాంతంలో కార్తికంలో దొరకదు, వేసవిలో దొరుకుతుంది. తిరువూరు, విస్సన్నపేట, ఎ.కొండూరు, నూజివీడు ప్రాంతాలన్నీ మామిడితోటలే. చిన్నరసం, పెద్దరసం, చెరకురసం, బంగినపల్లి, సువర్ణరేఖ, కలెక్టరుకాయ అనే తోతాపురి: ఒక్కొక్కదానికి ఒక్కొక్క పక్షం, ఒక్కొక్క పక్షానికి గట్టి వాదులు. రసాలవారు బంగినపల్లిని పీచులేని చప్పిడిపండు అంటారు. బంగినపల్లివారు రసాన్ని పండ్లసందున ఇరుక్కొనే పీచు అంటారు. వేసవి సెలవులలో పదిమంది ఉపాధ్యాయులు తమ ఎరుకలోని చెట్లనుండి తలా నాలుగు పండ్లు తెచ్చి, పేరు చెప్పకుండా, ఒకే తీరు గిన్నెలలో పెట్టి, అంకెలు వేసి రుచి చూడవచ్చు. కోతపండును ముక్కలుగా కోయవలెను. రసాన్ని కోయగూడదు, అరచేతుల నడుమ మెల్లగా మెత్తబరచి, తొడిమ తీసి, మొదటి చుక్క పారవేసి గిన్నెలోనికి పిండవలెను. ఆ మొదటి చుక్కలో జీడి ఉంటుంది, పెదవి పొక్కుతుంది. పులుపు కలిసినవి ముందు, తీపి గాఢమైనవి తరువాత. నడుమ నడుమ నోరు పుక్కిలించడానికి చెంబెడు నీళ్లు. ముట్టెలు చీకడం ఎవరికి వారే చేసుకొనే పని గనుక, అది పేర్లు చెప్పిన తరువాతనే మొదలుపెట్టడం మంచిది.