ఆడవేషం, పిల్లలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: మగవాడు చీర కట్టి వేదికెక్కడం విదేశాల నుంచి ఈమధ్యే వచ్చిన వింత. పిల్లలు చూస్తే చెడిపోతారు.

వాస్తవం: పామర్రు నుంచి చల్లపల్లి మీదుగా దివిసీమకు వెళ్లే దారిలోనే ఉంది కూచిపూడి. అక్కడి నృత్యనాటకం భామాకలాపంలో సత్యభామ తరతరాలుగా ఆ ఊరి మగవాళ్ల పాత్ర. ఊళ్లో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ ఒక్కసారైనా ఆ వేషం కట్టాలని భామాకలాపం కర్త సిద్ధేంద్రయోగి మాట తీసుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. తెర మీదుగా జడ వేసి సవాలు చేసే సత్యభామగా వేదాంతం సత్యనారాయణశర్మ దేశమంతటా పేరు పొందారు. ఆయనకు 1970లో పద్మశ్రీ వచ్చింది. బాపట్లకు చెందిన రంగస్థల నటుడు స్థానం నరసింహారావుకు స్త్రీ పాత్రలతోనే పేరొచ్చింది, 1956లో పద్మశ్రీ కూడా. ఈ ఆటల్లో శృంగారం లేదనలేం. విరహం, అలక, ఎత్తిపొడుపు అన్నీ ఉన్నాయి. అయినా ఇంటిల్లిపాదీ కూర్చుని చూశారు. ఆ వేదికకు ఆడవాళ్లను చాలాకాలం దూరంగా ఉంచడం మాత్రం అన్యాయమే, దాన్ని సంప్రదాయం పేరుతో వెనకేసుకురాకూడదు.

అపోహ: ఆడవేషాన్ని నిషేధిస్తే పిల్లలకు రక్షణ.

వాస్తవం: జాతరల్లో రికార్డింగ్ డ్యాన్సు హద్దు మీరితే, ఆడింది ఆడవాళ్లా మగవాళ్లా అన్నదానితో పని లేదు. బహిరంగంగా ఇతరులకు ఇబ్బంది కలిగేలా అశ్లీల చేష్టలు చేసినా, పాటలు పాడినా భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు. ఆ సెక్షన్‌కు చేష్టే ముఖ్యం, చీర కాదు. దుస్తులతో, మాటతో, నడతతో తన లింగ గుర్తింపును చెప్పుకోవడం రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ఇచ్చిన హక్కేనని సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ల హక్కులపై ఇచ్చిన 2014 నాటి నల్సా తీర్పులో స్పష్టం చేసింది. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం 2023లో ఆడ, మగ వేషధారులను ప్రత్యేకంగా పేర్కొంటూ చట్టం చేసి కోర్టుల చుట్టూ తిరిగింది. ఆ దారి మనకొద్దు.

అపోహ: కళకు అసలు హద్దులే ఉండవు.

వాస్తవం: ఉంటాయి. సభ్యత, నైతికతల కోసం సహేతుకమైన ఆంక్షలు పెట్టడానికి రాజ్యాంగంలోని 19(2) అధికరణం వీలు కల్పిస్తుంది.

అపోహ: జాగ్రత్త పడాల్సింది ప్రేక్షకుల్లోని పిల్లల గురించే.

వాస్తవం: వేదిక మీదున్న పిల్లల్ని మనం మరిచిపోతున్నాం. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను వాణిజ్య కార్యక్రమంలో ఆడించాలంటే జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కావాలి. రోజుకు ఐదు గంటలు మించకూడదు, విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. సంపాదనలో కనీసం 20 శాతం ఆ బిడ్డ పేరునే బ్యాంకులో డిపాజిట్ చేయాలి. ఇష్టం లేని బిడ్డను ఆడించకూడదు, చదువు పాడవకూడదు. 2017లో సవరించిన బాలకార్మిక నిబంధనలు చెప్పే మాటలివి. బందరులోనైనా గుడివాడలోనైనా, తిరునాళ్ల కమిటీ అనుమతి కోసం వచ్చినప్పుడు పోలీసులు మైకు ఎన్నింటికి ఆపుతారన్న దానితో సరిపెట్టకుండా, బృందంలో చిన్నపిల్లలు ఎవరున్నారు, వాళ్లకు అనుమతి పత్రం ఏది అని కూడా అడగాలి.