పి.ఆర్.ఓ. అంటే చిరునవ్వు ఒక్కటేనా?

చదువు అయ్యాక ఏమవుతారని అడిగితే మన హాస్టల్ పిల్లలు టీచర్, పోలీసు, నర్సు, సాఫ్ట్‌వేర్ అంటారు. పౌర సంబంధాల అధికారి అనే మాట ఎవరి నోటా రాదు. గుర్తు చేస్తే చెల్లెళ్లు "అది తెల్లగా ఉండి ఇంగ్లీషు మాట్లాడేవాళ్లకు కదా" అంటారు. తమ్ముళ్లు "ఆడవాళ్ల ఉద్యోగం" అని నవ్వేస్తారు.

ఈ అభిప్రాయం చాలావరకు సినిమాలు, సీరియళ్లు ఇచ్చిందే. తెర మీద ఆమె పూలగుత్తి అందించి, నవ్వి, పక్కకు తప్పుకుంటుంది. నిర్ణయాలు లోపలి గదిలో మగవాళ్లు తీసుకుంటారు. వింత ఏమిటంటే, అదే తెలుగు సినిమా పరిశ్రమలో పి.ఆర్.ఓ.లుగా పేరు తెచ్చుకున్నవారిలో ఎక్కువమంది మగవాళ్లు. 2021లో మరణించిన బి.ఎ.రాజు గారు అందుకు ఉదాహరణ.

అసలు పని వేరు. పత్రికా ప్రకటన రాయాలి. విలేకరుల ప్రశ్నలకు లెక్కలతో జవాబివ్వాలి. జనం ఏమనుకుంటున్నారో పై అధికారికి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఈ చివరిదే అన్నింటికన్నా కష్టం, దానికి చిరునవ్వు చాలదు. ప్రభుత్వంలో ఈ పనికి సమాచార పౌర సంబంధాల శాఖ, జిల్లాల్లో డి.పి.ఆర్.ఓ.లు ఉన్నారు.

అమెరికాలో ఈ వృత్తికి పునాది వేసినవారిలో డోరిస్ ఫ్లీష్‌మన్ ఒకరు. 1920లో అట్లాంటాలో నల్లజాతివారి హక్కుల సంఘం మహాసభ జరిగినప్పుడు ప్రచార బాధ్యతపై అక్కడికి వెళ్లింది ఆమే. కానీ పేరంతా భర్త ఎడ్వర్డ్ బెర్నేస్‌కే దక్కింది.

అంత దూరం ఎందుకు? మన జహీరాబాద్ పక్కనే పస్తాపూర్ ఉంది. అక్కడి డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు, ఎక్కువమంది దళిత స్త్రీలు, కూలి పనులు చేసుకుంటూనే వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. పై నుంచి కిందికి చూసి తీసే దృశ్యానికి వాళ్లు పెట్టిన పేరు పటేల్ షాట్. మనిషి కళ్లకు సమానంగా కెమెరా పెట్టి తీస్తే సంఘం షాట్. అందరూ ఒకేచోట కింద కూర్చుని మాట్లాడుకునేది సంఘంలోనే కదా! సినిమాలో మన ఆడవాళ్లను ఏ షాట్‌లో చూపిస్తున్నారో ఈసారి గమనించండి.

2008 అక్టోబర్ 15న మాచ్‌నూర్‌లో సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపినవారు జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ. విత్తనాలు, వైద్యం, పాటలు, అన్నీ మన యాసలోనే. సంక్రాంతికి మొదలయ్యే పాత పంటల జాతరలో కొర్రలు, సామలు, జొన్నలు ఎడ్లబండ్ల మీద ఊరూరా తిరుగుతాయి. ఊరి జనంతో మాటలు కలిపి, వాళ్ల అనుభవం విని, తమది చెబుతారు. పెద్ద కంపెనీలు జీతాలిచ్చి చేయించుకునే పని ఇదే. దీన్ని పౌర సంబంధాలు అని ఎవరూ అనలేదు, అంతే.

ఆసక్తి ఉన్నవాళ్లకు దారి ఉంది. ఉస్మానియాలో 1954 నుంచి జర్నలిజం విభాగం నడుస్తోంది. ఈలోగా రోజూ పేపర్ చదవండి, హాస్టల్‌లో ఏ కార్యక్రమం జరిగినా అరపేజీ వార్త రాసి స్థానిక విలేకరికి ఇవ్వండి. ఇంగ్లీషు తర్వాత నేర్చుకోవచ్చు. తెలుగులో సూటిగా రాయడం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టాలి, అబ్బాయిలైనా అమ్మాయిలైనా.