అమెరికాలో ఇల్లు కొన్నారా? ‘హోమ్ వారంటీ’కి డబ్బు కట్టే ముందు ఈ లెక్క చూడండి

గత జూలైలో ఒక రాత్రి మా ఖాలా కొడుకు టెక్సాస్ నుంచి ఫోన్ చేశాడు. “ఏసీ ఆగిపోయి మూడు రోజులైంది. అమ్మీని పక్కింటి వాళ్ల దగ్గర పడుకోబెడుతున్నాం. వారంటీ కంపెనీ వాడేమో డబ్బులివ్వనంటున్నాడు. నువ్వు బీకాం చదివావు కదా, ఈ కాగితాల్లో ఏం రాసిందో కాస్త చూసి చెప్పు” అన్నాడు. ఆ వెంటనే వాట్సాప్‌లో ఇరవై పేజీల కాంట్రాక్టు వచ్చింది.

ఖాలా అప్పుడు మనవళ్లను చూసుకోవడానికి అక్కడికి వెళ్లి ఉన్నారు. టెక్సాస్ ఎండాకాలం మన రామగుండం ఎండకు ఏమాత్రం తీసిపోదు. చెక్కతో కట్టి, కిటికీలు మూసి ఉంచే ఆ ఇళ్లలో ఏసీ లేకుండా పెద్దవాళ్లు ఉండటం కష్టం. అందుకే ఆ రాత్రి ఇరవై పేజీలూ చదివాను.

ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో లాంటి చోట్ల ఇళ్లు కొనుక్కున్న మన వాళ్లు చాలామంది ఉన్నారు. ఇల్లు కొనేటప్పుడు దాదాపు అందరికీ ఎదురయ్యే ప్రశ్న ఇది: హోమ్ వారంటీ తీసుకోవాలా, వద్దా?

పేరు వారంటీ, అసలు సంగతి వేరు

హోమ్ వారంటీ అనేది నిజానికి ఏడాదికోసారి డబ్బు కట్టి తీసుకునే సర్వీసు కాంట్రాక్టు. ఇంట్లోని ఏసీ, హీటర్, గీజర్, ప్లంబింగ్, కరెంటు వైరింగ్, ఫ్రిజ్, డిష్‌వాషర్ లాంటివి వాడి వాడి అరిగిపోయి చెడిపోతే బాగు చేయిస్తారు. బాగుపడకపోతే కొత్తది పెడతారు.

చాలామంది మూడు వేర్వేరు విషయాలను ఒకటే అనుకుంటారు. ఒకటి, ఇంటి ఇన్సూరెన్స్. అగ్నిప్రమాదం, తుఫాను, దొంగతనం లాంటి అనుకోని నష్టాలకు ఇది. లోన్ ఇచ్చే బ్యాంకు దీన్ని తప్పనిసరి చేస్తుంది. రెండు, బిల్డర్ వారంటీ. కొత్త ఇల్లు కొంటే బిల్డరే ఇస్తాడు. సాధారణంగా పనితనానికి 1 ఏడాది, వైరింగ్, ప్లంబింగ్ లాంటి వాటికి 2 ఏళ్లు, ఇంటి నిర్మాణానికి 10 ఏళ్ల వరకు ఉంటుంది. మూడోది హోమ్ వారంటీ. దీన్ని ఏ బ్యాంకూ అడగదు. కొనడం, మానడం పూర్తిగా మన ఇష్టం.

పాత ఇల్లు అమ్మేవాళ్లు కొన్నిసార్లు మొదటి ఏడాది హోమ్ వారంటీని తమ డబ్బుతోనే కట్టి ఇస్తారు. మా భాయిజాన్‌కు అలాగే వచ్చింది. రెండో ఏడాది 640 డాలర్లు పెట్టి ఆయనే రెన్యూవల్ చేసుకున్నాడు.

డబ్బు రెండుచోట్ల పోతుంది

ఏడాది ఫీజు సాధారణంగా 400 నుంచి 800 డాలర్ల మధ్య ఉంటుంది. అది కట్టాక అంతా ఫ్రీ అనుకోవద్దు. మెకానిక్ ఇంటికి వచ్చిన ప్రతిసారీ 75 నుంచి 125 డాలర్ల దాకా సర్వీసు ఫీజు కట్టాలి. క్లెయిమ్ ఒప్పుకోకపోయినా ఈ ఫీజు సాధారణంగా తిరిగి రాదు.

ఇంకో మాట. చాలా కంపెనీల్లో మెకానిక్‌ను పంపేది కంపెనీయే. మనకు నమ్మకం ఉన్న మనిషిని పిలిపించుకుంటామంటే ముందుగా కంపెనీ అనుమతి ఉండాలి. బాగు చేయాలా, కొత్తది పెట్టాలా అన్నది కూడా కంపెనీయే తేలుస్తుంది.

క్లెయిమ్ ఎక్కడ ఆగుతుంది?

కాంట్రాక్టులో ముందు పేజీల కంటే వెనక పేజీలే ముఖ్యం. అక్కడ చూడాల్సినవి నాలుగు.

మొదటిది మెయింటెనెన్స్. ఏసీ సర్వీసింగ్ సరిగా చేయించలేదని తేలితే క్లెయిమ్ కొట్టేయొచ్చు. భాయిజాన్‌కు ఇచ్చిన జవాబు ఇదే.

రెండోది పాత లోపం. కాంట్రాక్టు మొదలయ్యేనాటికే ఆ వస్తువు చెడి ఉందని కంపెనీ అంటే, కాదని చూపించాల్సిన భారం మన మీద పడుతుంది. ఇల్లు కొనేటప్పుడు చేయించిన ఇన్‌స్పెక్షన్ రిపోర్టు అప్పుడు పనికొస్తుంది.

మూడోది గరిష్ఠ పరిమితి. ఒక్కో వస్తువుకు ఇంతవరకే ఇస్తామని రాసి ఉంటుంది. భాయిజాన్ కాంట్రాక్టులో ఏసీకి 3,000 డాలర్లు. కొత్త ఏసీకి అంచనా 7,800 డాలర్లు వచ్చింది.

నాలుగోది అదనపు పనులు. బయటి యూనిట్ మార్చితే దానికి సరిపోయేలా లోపలి భాగం కూడా మార్చాల్సి రావచ్చు. పాత ఏసీల్లో వాడే ఆర్-22 గ్యాస్ తయారీ, దిగుమతి అమెరికాలో 2020 జనవరి 1 నుంచి నిషేధం. అందుకే పాత ఏసీల రిపేరు ఖరీదైపోయింది. ఇలాంటి మార్పుల ఖర్చు చాలా కాంట్రాక్టుల్లో కవర్ కాదు, లేదా కొంతే కవర్ అవుతుంది.

ఐదేళ్ల లెక్క

ఏడాదికి 640 డాలర్లు అంటే ఐదేళ్లకు 3,200. ఐదేళ్లలో ఆరుసార్లు మెకానిక్ వచ్చాడనుకుందాం. ఒక్కసారికి 100 చొప్పున 600. మొత్తం 3,800 డాలర్లు మన జేబులోంచి పోయాయి.

ఇప్పుడు వచ్చింది చూద్దాం. ఆరూ చిన్న రిపేర్లే, ఒక్కోటి 300 డాలర్ల పని అనుకుంటే మనకు దక్కింది 1,800. అంటే 2,000 డాలర్ల నష్టం. అదే ఐదు చిన్న రిపేర్లు, ఒకసారి ఏసీకి 3,000 అనుకుంటే 4,500 వచ్చినట్టు. 700 డాలర్ల లాభం.

అంటే పెద్ద వస్తువు ఒకటి చెడిపోవాలి, ఆ క్లెయిమ్ కూడా పాస్ కావాలి. రెండూ జరిగితేనే ఇది గిట్టుబాటు. అందులోనూ లాభం కొద్దిపాటిదే.

వారంటీ బదులు నెలకు 53 డాలర్లు విడిగా దాచుకుంటే? ఐదేళ్లకు దాదాపు అదే 3,200 మన చేతిలోనే ఉంటుంది. ఏమీ చెడిపోకపోతే అది మన డబ్బే. కాకపోతే నాలుగో నెలలోనే ఏసీ పోతే చేతిలో ఉండేది 212 డాలర్లు మాత్రమే. ఈ మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి.

ఎవరికి అవసరం, ఎవరికి వద్దు?

కొత్త ఇల్లయితే అవసరం లేదు. బిల్డర్ వారంటీ, వస్తువుల కంపెనీ వారంటీ ఎలాగూ ఉంటాయి. ఒకే రక్షణకు రెండుసార్లు డబ్బు కట్టినట్టు అవుతుంది. అత్యవసరానికి ఆరేడు వేల డాలర్లు పక్కన ఉన్నవాళ్లకూ పెద్దగా అక్కర్లేదు.

ఇల్లు పదిహేను, ఇరవై ఏళ్ల నాటిది, ఏసీ, గీజర్ పాతవి, డౌన్ పేమెంట్ కట్టాక చేతిలో ఏమీ మిగల్లేదు. ఇలాంటి వాళ్లకు మొదటి ఒకటి రెండేళ్లు పనికిరావచ్చు. అమ్మేవాళ్లు కట్టి ఇస్తే తప్పకుండా తీసుకోండి. రెన్యూవల్‌కు ముందు మాత్రం మళ్లీ లెక్క వేసుకోండి.

కొనాలనుకుంటే కంపెనీకి లైసెన్సు ఉందో లేదో ముందు చూడండి. టెక్సాస్‌లో ఈ కంపెనీలను లైసెన్సింగ్ అండ్ రెగ్యులేషన్ శాఖ, కాలిఫోర్నియాలో ఇన్సూరెన్స్ శాఖ చూసుకుంటాయి. ఇల్లు కొన్న తర్వాత విడిగా తీసుకుంటే సాధారణంగా మొదటి 30 రోజులు కవరేజీ మొదలు కాదు. ‘మీ హోమ్ వారంటీ అయిపోతోంది, ఇదే చివరి నోటీసు’ అంటూ పోస్టులో ఉత్తరం వస్తే కంగారుపడి ఫోన్ చేయొద్దు. ఇలాంటి ఉత్తరాల గురించి అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా హెచ్చరించింది.

మరి మన దగ్గర?

ఇక్కడ అలాంటి హోమ్ వారంటీ పెద్దగా అమ్మరు. కానీ ఫ్లాట్ కొన్నవాళ్లకు డబ్బు కట్టకుండానే చట్టం ఇచ్చిన రక్షణ ఒకటుంది. 2016 నాటి రెరా చట్టం సెక్షన్ 14(3) ప్రకారం, ఫ్లాట్ స్వాధీనం చేసిన రోజు నుంచి 5 ఏళ్లలోపు నిర్మాణంలో గానీ పనితనంలో గానీ లోపం బయటపడి, మనం తెలియజేస్తే, బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. చేయకపోతే పరిహారం అడగొచ్చు. గోడకు నెమ్ము వచ్చిందని బిల్డర్‌కు ఫోన్ చేసి వదిలేయకండి. ఫొటోలు తీసి, రాతపూర్వకంగా పంపి, కాపీ దాచుకోండి.

చివరికి ఏమైంది?

భాయిజాన్ తన ఈమెయిల్ అంతా వెతికితే మార్చిలో ఏసీ సర్వీసింగ్ చేయించిన రసీదు దొరికింది. దాన్ని, ఇన్‌స్పెక్షన్ రిపోర్టును జత చేసి అప్పీలు పెట్టాడు. కంపెనీ ఒప్పుకుంది, 3,000 ఇచ్చింది. మిగతా 4,800 ఆయనే పెట్టుకున్నాడు. కొత్త ఏసీ పదకొండో రోజున వచ్చింది. అప్పటిదాకా ఖాలా రాత్రిళ్లు పక్కింట్లోనే పడుకున్నారు.

ఈ ఏడాది రెన్యూవల్ నోటీసు వస్తే ఆయన కట్టలేదు. ఏసీ కొత్తది, దానికి కంపెనీ వారంటీ ఉంది. నెలకు 53 డాలర్లు విడిగా ఒక ఖాతాలో వేస్తున్నాడు. రసీదులు మాత్రం ఇప్పుడు భాభీ ఒక ఫైలులో పెడుతున్నారు.