ఇంజన్ తాగే ఆయిల్ లెక్క

పాత బండి సైలెన్సర్ నుంచి నీలంగా పొగ వస్తే మన మెకానిక్ మాట ఒకటే: "ఇంజన్ బోరుకొచ్చిందండీ." చాలాసార్లు అది నిజమే. కాని వేగం కోసమే పుట్టిన ఇంజన్ల విషయంలో అంత తొందరగా తేల్చేయకూడదు. వాటిలో కొన్ని కొత్తలోనే కాస్త ఆయిల్ తాగుతాయి, వయసు మీదపడ్డాక మరికాస్త తాగుతాయి. ఎంత తాగుతోంది, ఏ దారిలో తాగుతోంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే ఆ ఇంజన్ ఇంకా చాలాకాలం నడుస్తుంది.

హోండా ఎస్2000 ఇందుకు మంచి ఉదాహరణ. జపాన్‌లో 1999 నుంచి 2009 దాకా తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఇది. తొలి మోడళ్లలో ఇంజన్ 1,997 సీసీ. టర్బో లేకుండానే, జపాన్ మోడల్లో 250 హార్స్‌పవర్ ఇచ్చేది. నిమిషానికి 9,000 చుట్లు తిరిగేది. అంటే సెకనుకు 150 చుట్లు. పిస్టన్ ప్రతి చుట్టుకీ 84 మిల్లీమీటర్లు పైకి, మళ్లీ అంతే కిందికి ప్రయాణిస్తుంది. సెకనుకు 300 సార్లు ఆగి వెనక్కి తిరుగుతూనే, సగటున గంటకు 90 కిలోమీటర్ల వేగంతో సిలిండర్ గోడను రాసుకుంటూ పోతుంది.

పెనం మీద నూనె

అంత వేగంలో లోహాన్ని లోహం తాకకుండా కాపాడేది పలచని ఆయిల్ పొర. దోసె పోసే ముందు ఉల్లిపాయ ముక్కతో పెనం మీద నూనె రుద్దుతాం కదా. నూనె లేకపోతే అట్టు అంటుకుంటుంది, ఎక్కువైతే పొగ లేస్తుంది. పిస్టన్ చుట్టూ ఉండే మూడు రింగుల్లో అడుగునున్న ఆయిల్ రింగు పని అచ్చం ఇదే. గోడ మీదికి చిమ్మిన ఆయిల్‌ను గీకి కిందికి పంపుతూ, అవసరమైనంత పొరను మాత్రం మిగులుస్తుంది. గోడ మీద వలలా చెక్కిన సన్నని గీతలు ఆ పొరను పట్టి ఉంచుతాయి. మిగిలిన పొరలో కొంత, పెట్రోలు మండిన ప్రతిసారీ మంటకు ఆహుతి కావలసిందే.

ఆ కొంత ఎంతో లెక్క వేద్దాం. కారు 1,500 కిలోమీటర్లకు ఒక లీటరు తాగుతోందనుకుందాం. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగిందనుకుంటే, ఆ దూరానికి 27 లక్షల చుట్లు. ఒక్కో సిలిండర్లో రెండు చుట్లకొకసారి పెట్రోలు మండుతుంది కాబట్టి నాలుగింటిలో కలిపి 54 లక్షల మంటలు. మిల్లీలీటరుకు ఇరవై చుక్కల చొప్పున చూస్తే, ఒక్కో మంటకు ఖర్చయ్యేది చుక్కలో 270వ వంతు. దాన్ని సిలిండర్ గోడంతా పరిస్తే సుమారు 8 నానోమీటర్ల పొర. తల వెంట్రుక మందం దీనికి వేల రెట్లు. లీటరు తగ్గిందంటే మనకు గుండె జారుతుంది కానీ, లోపల తప్పిపోయిన కొలత ఇంత సూక్ష్మమైనది. వయసు ఈ కొలతనే కొద్దికొద్దిగా చెరుపుతుంది.

వయసు తెరిచే దారులు

మొదటి దారి రింగులు. గీకిన ఆయిల్ కిందికి జారడానికి ఆయిల్ రింగు గాడిలో చిన్న రంధ్రాలుంటాయి. ఏళ్ల తరబడి మాడిన ఆయిల్ మసిగా పేరుకుని వాటిని మూసేస్తుంది. రింగు గాడిలోనే బిగుసుకుపోతుంది. గీకాల్సిన ఆయిల్ గోడ మీదే మిగిలి మండిపోతుంది. ఎస్2000లో సిలిండర్ గోడ కార్బన్, అల్యూమినా నారలు కలిపిన అల్యూమినియంతో చేసినది. గోడ కూడా అరిగితే, పోత ఇనుము గోడకు బోరు కొట్టినంత సులువుగా దీనికి కొట్టడం కుదరదు.

రెండోది వాల్వు సీళ్లు. ఇంజన్ వేడికి ఈ రబ్బరు గట్టిపడి, వాల్వు కాడ వెంట ఆయిల్‌ను కిందికి వదిలేస్తుంది. రాత్రంతా ఆగిన కారు పొద్దున స్టార్ట్ చేయగానే గుప్పున పొగ వదిలి, కాసేపటికి మామూలైపోతే ముందు వీటినే అనుమానించాలి.

మూడోది పీసీవీ వాల్వు. రింగులను దాటి కిందికి దిగిన వాయువులను ఇది మళ్లీ ఇంజన్‌కే పంపుతుంది. ఇది పాడైతే ఆ వాయువులతో పాటు ఆయిల్ తుంపర కూడా లోపలికి పోతుంది.

వేడికి ఆయిల్ ఆవిరైపోవడం నాలుగో దారి. నోయాక్ పరీక్షలో ఆయిల్‌ను 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు ఉంచి ఎంత తగ్గిందో చూస్తారు. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ (ఎపిఐ) ఇటీవలి పెట్రోలు ఇంజన్ ప్రమాణాల్లో ఆ నష్టం 15 శాతం దాటకూడదు.

పొగ రంగు చెప్పేది

బీడీ కొస నుంచి లేచే పొగ నీలంగా, నోటి నుంచి వదిలిన పొగ తెల్లగా ఉండటం గమనించే ఉంటారు. కొస దగ్గర కణాలు అతి చిన్నవి, అవి నీలి కాంతిని ఎక్కువగా చెదరగొడతాయి. నోటి తేమకు ఉబ్బిన కణాలు అన్ని రంగులనూ చెదరగొడతాయి. సగం మాడిన ఆయిల్ పొగ నీలంగా కనిపించడానికీ కారణం అలాంటి అతి చిన్న కణాలే. ఇంజన్ వేడెక్కాక కూడా ఆగకుండా వచ్చే తెల్లని ఆవిరి, కూలెంట్ లోపలికి చేరుతోందని చెబుతుంది. నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువైందన్నమాట.

అసలు ముప్పు

ఎస్2000లో పట్టే ఆయిల్ ఐదు లీటర్లకు కాస్త తక్కువే. అందులో లీటరున్నర తగ్గిందనుకోండి. మలుపులో కారు వేగంగా తిరిగినప్పుడు మిగిలిన ఆయిల్ ఒక పక్కకు ఒరుగుతుంది. పంపు గాలి పీలుస్తుంది. ఆ క్షణంలో బేరింగుల మధ్య పొర తెగి, లోహం లోహాన్ని తాకుతుంది. డాష్‌బోర్డు మీద ఎర్రలైటు వెలుగుతుందిలే అనుకోవద్దు. అది ఆయిల్ ఎంతుందో చెప్పదు, ఒత్తిడి పడిపోయిందని మాత్రమే చెబుతుంది. అప్పటికే ఆలస్యమైపోయి ఉండొచ్చు.

కాబట్టి మరమ్మతు తక్కువ ఖర్చు నుంచి మొదలుపెట్టండి. ముందు కారుతోందేమో కింద చూడండి, తర్వాత పీసీవీ వాల్వు, తర్వాత సీళ్లు. రింగుల సంగతి కంప్రెషన్ పరీక్ష చెబుతుంది. ప్లగ్గు రంధ్రంలోంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిచినప్పుడు అంకె బాగా పెరిగితే, రింగులూ గోడా అరిగాయని అర్థం.

అన్నిటికంటే ముందు చేయవలసింది మన చేతిలోనే ఉంది. కారును చదునైన చోట ఆపి, ఇంజన్ ఆపేసి కొన్ని నిమిషాలు ఆగండి. ఆయిల్ గేజు తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దించి తీయండి. మరక రెండు గుర్తుల మధ్య ఎక్కడుందో, ఆ రోజు మీటరు ఎన్ని కిలోమీటర్లు చూపుతోందో ఒక పుస్తకంలో రాసుకోండి. తగ్గితే కొద్దికొద్దిగా పోయండి, పై గుర్తు దాటనివ్వకండి. ఎక్కువైన ఆయిల్‌ను క్రాంకు చిలికి నురుగు చేస్తుంది. నాలుగైదుసార్లు రాశాక ఆ పుస్తకమే జవాబు చెబుతుంది. ఆయిల్ తగ్గే లెక్క నిలకడగా ఉంటే ఆ వయసుకు ఆ ఇంజన్ ఆకలి అంతేనని అర్థం. నెలనెలా ఎగబాకుతుంటే, పొగ కంటబడక ముందే మెకానిక్ దగ్గరికి వెళ్లండి. ఆ పుస్తకం కూడా వెంట తీసుకెళ్లండి.